పద్యంలో ఒదిగిన ఇరవై అంకెలు

1,84,46,74,40,73,70,95,51,615.

ఈ సంఖ్యను ఒకసారి పైకి చదవడానికి ప్రయత్నించండి. కోట్లు దాటగానే నాలుక తడబడుతుంది గదా! లెక్కపెడితే ఇందులో సరిగ్గా ఇరవై అంకెలున్నాయి. కొన్ని వందల ఏళ్ళ కిందటే ఈ ఇరవై అంకెలనూ, ఒక్కటి కూడా విడిచిపెట్టకుండా, ఒక చంపకమాల పద్యంలో ఇమిడ్చారు మన తెలుగువారు. ఆ పద్యం పావులూరి మల్లనదిగా ప్రసిద్ధి.

మల్లన రాజరాజ నరేంద్రుని కాలంవాడనీ, అంటే నన్నయ ఉన్న 11వ శతాబ్దివాడనీ ఎక్కువమంది చెపుతారు. అంతకు రెండువందల ఏళ్ళ ముందు కన్నడదేశంలో, రాష్ట్రకూటరాజు అమోఘవర్షుని కాలంలో, మహావీరాచార్యుడనే గణితజ్ఞుడు సంస్కృతంలో 'గణితసార సంగ్రహం' రచించాడు. దానిని మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. నన్నయ భారతాన్ని తెలుగు చేస్తున్న రోజుల్లోనే గణితం కూడా తెలుగు మాట్లాడటం మొదలుపెట్టిందన్నమాట. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలలో ఇంకాస్త పెద్ద అక్షరాలలో ఉండవలసింది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఆ పద్యం అచ్చుయంత్రం లేని రోజులది. తాటాకుల మీద ఒకరు రాసినది చూసి మరొకరు, వారిది చూసి ఇంకొకరు రాసుకొంటూ వచ్చారు. నడుమ ఒక్క లేఖకుడు ఒక్క మాట పొరపాటుగా రాస్తే చాలు, సంఖ్య మారిపోతుంది. ఇరవై అంకెల సంఖ్యలో తప్పు దొర్లిందో లేదో మనకెలా తెలుస్తుంది? చిన్న కాలిక్యులేటరుకు ఇన్ని అంకెలు పట్టవు. అది 1.844674407 దగ్గర ఆగిపోయి, తక్కినది పదుల ఘాతంగా చూపి ఊరుకొంటుంది. కాబట్టి కాగితం, పెన్సిలు తీసుకోండి. ఈ పని మనమే చేద్దాం.

గడికి రెట్టింపు

ముందుగా ఈ సంఖ్య ఎక్కడనుండి వచ్చిందో చూడాలి. చదరంగం కనిపెట్టిన పండితుడు రాజును కోరిన వరం కథ మీరు వినే ఉంటారు. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టింపు చేస్తూ 64 గళ్ళూ నింపి ఇమ్మన్నాడు. రాజు నవ్వి సరేనన్నాడు.

మొత్తం గింజలెన్ని? 1 + 2 + 4 + 8 + ... అని 64 సంఖ్యలు కూడనక్కర లేదు. చిన్న ఉపాయముంది. బల్ల పక్కన ఒక గింజ అదనంగా పెట్టండి. ఆ గింజనూ మొదటి గడిలోని గింజనూ కలిపితే 2. రెండవ గడిలోనూ 2 ఉన్నాయి, కలిపితే 4. మూడవ గడిలో 4 ఉన్నాయి, కలిపితే 8. ఇలా చివరి గడి దాకా పోతే 2⁶⁴ అవుతుంది. మనం అదనంగా పెట్టిన గింజను తీసివేస్తే మిగిలేది 2⁶⁴ − 1. మల్లన పద్యంలోని సంఖ్య ఇదే.

ఇది ఎంత పెద్దదో ఒకసారి ఊహించుకొందాం. వడ్ల రకాన్నిబట్టి బరువు మారుతుంది కాని, వెయ్యి గింజలు 25 గ్రాములని వేసుకొంటే కిలోకు 40 వేల గింజలు. మైలవరంలో ఒక వడ్ల కొట్టు ముందు ఈ బల్ల పరిచామనుకోండి. మొదటి వరుస ఎనిమిది గళ్ళూ నిండేసరికి 255 గింజలు, ఆరు గ్రాములు చిల్లర. పిచ్చుకకైనా చాలవు. రెండవ వరుస పూర్తయ్యేసరికి కిలోన్నర పైన. మూడవ వరుసకు 75 కిలోల బస్తాలు అయిదున్నర. ఇంతవరకు రాజుగారి నవ్వు అలాగే ఉంటుంది. నాలుగవ వరుస, అంటే సగం బల్ల నిండేసరికి 107 టన్నులు అవుతాయి. పదిటన్నుల లారీలు పదకొండు కావాలి.

ఇంకా సగం బల్ల మిగిలి ఉంది గదా, మరో పదకొండు లారీలు చాలవా అనిపిస్తుంది. అక్కడే ఉంది మోసం. 33వ గడి ఒక్కదానిలోనే, అంతకుముందున్న 32 గళ్ళలోని మొత్తం గింజలకంటె ఒక గింజ ఎక్కువ ఉంటుంది! 64 గళ్ళూ నిండాలంటే దాదాపు 46 వేల కోట్ల టన్నుల వడ్లు కావాలి. లారీలైతే 4,600 కోట్లు. ఒక్కొక్క లారీ పది మీటర్ల పొడవనుకొని, మైలవరం నుండి నందిగామ, జగ్గయ్యపేటల వైపు ఒకదాని వెనుక ఒకటి నిలబెట్టుకొంటూ పోతే ఆ వరుస 46 కోట్ల కిలోమీటర్లు సాగుతుంది. సూర్యుడు మనకు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. సూర్యునిదాకా వెళ్ళి, తిరిగివచ్చి, మళ్ళీ సూర్యునిదాకా వెళ్ళేటంత వరుస అది. ప్రపంచమంతా ఏడాదికి పండిస్తున్న వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. రాజు బాకీ తీరాలంటే ప్రపంచం మొత్తం ఒక్క గింజ తినకుండా 570 ఏళ్ళకు పైగా పండించి ఇవ్వాలి.

మాటలే అంకెలు

ఇటువంటి సంఖ్యను పద్యంలో ఎలా చెప్పడం? పేర్లతో చెప్పడం కష్టం. మన పూర్వులు స్థానాలకు పెట్టుకొన్న పేర్లలో బాగా వాడుకలో ఉన్న వరుస పదునెనిమిది స్థానాలతో, పరార్ధంతో ముగుస్తుంది. మన సంఖ్యకు ఇరవై స్థానాలు కావాలి. మహావీరాచార్యుడు 24 స్థానాలకు పేర్లు చెప్పాడు కాబట్టి ఆయన లెక్కలో ఇది పడుతుంది. దీని మొట్టమొదటి 1 ఆ వరుసలో 'మహాశంఖం' అనే స్థానంలో ఉంటుంది. అయినా ఇరవై స్థానాల పేర్లూ, ఇరవై అంకెలూ పద్యంలో పెట్టబోతే అది పద్యంలా ఉండదు.

అందుకని భూతసంఖ్యలనే పద్ధతిని వాడారు. లోకంలో ఒక వస్తువు ఎన్ని ఉంటుందో అందరికీ తెలిస్తే, ఆ వస్తువు పేరే ఆ అంకెకు పేరు. చంద్రుడు ఒక్కడే కనుక చంద్రుడంటే 1. కన్నులు 2. అగ్నులు 3. వేదాలు 4, సముద్రాలూ 4. మన్మథుని బాణాలు 5. దర్శనాలు 6. కులపర్వతాలు 7. దిక్కులను మోసే ఏనుగులు 8. శరీరంలోని రంధ్రాలు 9. ఆకాశం శూన్యం కనుక 0. చదివేటప్పుడు ఒక నియమం గుర్తుంచుకోవాలి. మొదట చెప్పిన మాట ఒకట్ల స్థానం, తరువాతిది పదుల స్థానం. అంకెలు కుడినుండి ఎడమకు నడుస్తాయన్నమాట. ఉదాహరణకు 'రంధ్ర, నేత్ర, పర్వత, చంద్ర' అని నేనంటే 9, 2, 7, 1 అని విని 1729 అని రాసుకోవాలి. రామానుజన్ పేరుతో అందరికీ తెలిసిన సంఖ్య!

ఒకే అంకెకు ఎన్నో మాటలుండటం కవికి పెద్ద వసతి. చంద్రునికి శశి అన్న పేరుంది, తుహినాంశుడన్న పేరుంది. ఆకాశం గగనం, వియత్తు కూడా. మన సంఖ్యలో 1 మూడుసార్లు వస్తుంది. పద్యంలో మూడుచోట్లా మూడు వేర్వేరు పేర్లతో చంద్రుడు కనిపిస్తాడు. సున్న రెండుసార్లు వస్తే ఆకాశానికి రెండు పేర్లు. పక్కపక్కనే రెండు అయిదులు వచ్చినచోట కూడా ఒకే మాటను తిరిగి వాడలేదు. రెండూ బాణాలే, పేర్లు వేరు.

ఇప్పుడు మన ప్రశ్న గుర్తు చేసుకోండి. చంపకమాలలో పాదానికి 21 అక్షరాలు. న, జ, భ, జ, జ, జ, ర అనే గణాలు వరుస తప్పకుండా రావాలి. యతి ఉంది, ప్రాస ఉంది. లేఖకుడు ఒక మాట వదిలిపెట్టాడా, గణం విరిగిపోతుంది, చదివేవాడు వెంటనే ఆగిపోతాడు. అదే అంకెలలో రాసి ఉంటే ఇరవైలో ఒకటి జారిపోయినా ఎవరికీ అనుమానం రాదు. ఛందస్సు ఇక్కడ కాపలావాడి పని చేసింది.

అయితే ఈ కాపలావాడికి ఒక కన్ను కనబడదు. 'శర' అంటే 5, 'నగ' అంటే 7. రెండూ రెండేసి లఘువులు. ఒకదానిబదులు మరొకటి పడితే గణం చెడదు. సంఖ్య మాత్రం చెడుతుంది. ఇటువంటి తప్పును పట్టుకోవాలంటే ఛందస్సు చాలదు, గణితమే కావాలి.

ఆరే ఆరు గుణకారాలు

అన్నిటికంటె నమ్మకమైన దారి 2⁶⁴ను మనమే కట్టడం. 64సార్లు రెట్టింపు చేయనక్కర లేదు. ఒక సంఖ్యను దానితోనే గుణిస్తే ఘాతాంకం రెట్టింపవుతుంది. కాబట్టి 2ను వర్గం చేస్తే 4, దానిని వర్గం చేస్తే 16, తరువాత 256, తరువాత 65,536. ఇది 2¹⁶. దాని వర్గం 4,294,967,296. ఇది 2³². ఇంకొక్క వర్గం చేస్తే 2⁶⁴. మొత్తం ఆరు గుణకారాలు. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ కూడా ఇటువంటి వర్గాల దారినే తొక్కి చదరంగం గింజల లెక్క తేల్చాడు. మల్లనకు ఆయన కొంచెం ముందువాడు.

చివరి గుణకారం పెద్దదే. అయినా భయపడకండి. 4294967296ను మధ్యకు విరిచి 42949, 67296 అని రెండు ముక్కలు చేద్దాం. మొదటిదానిని 'క' అనీ, రెండవదానిని 'ఖ' అనీ అందాం. మన సంఖ్య క × 1,00,000 + ఖ. దాని వర్గానికి మూడు ముక్కలు కావాలి.

క² = 42949² = (43000 − 51)² = 1844616601

2 × క × ఖ = 5780591808

ఖ² = 67296² = 4528751616

మొదటిదానికి పది సున్నలు, రెండవదానికి అయిదు సున్నలు చేర్చి మూడింటినీ కూడండి.

18446166010000000000 + 578059180800000 + 4528751616 = 18446744073709551616

ఒకటి తీసివేస్తే చివర 615. పద్యంలోని ఇరవై అంకెలతో పోల్చి చూడండి. అన్నీ సరిపోతాయి. ఇన్నేళ్ళ ప్రయాణంలో ఒక్క అంకె కూడా చెక్కుచెదరలేదు!

శేషాలతో పరీక్ష

కాని మనం గుణకారంలోనే తప్పు చేశామేమో? లెక్క చేసినవాడే లెక్కను సరిచూసుకొంటే అదే తప్పు మళ్ళీ చేయవచ్చు. అందుచేత వేరే దారిన వచ్చే పరీక్ష ఒకటి ఉండాలి. శేషాలు ఆ పనికి పనికివస్తాయి.

2⁶ = 64. దీనిని 9తో భాగిస్తే శేషం 1. 7తో భాగించినా శేషం 1. 2¹⁰ = 1024, 11తో భాగిస్తే శేషం 1. 2¹² = 4096, 13తో భాగిస్తే శేషం 1. శేషం 1 వచ్చే సంఖ్యను తనతో ఎన్నిసార్లు గుణించినా శేషం 1గానే ఉంటుంది. 60 అనే సంఖ్య 6కూ, 10కీ, 12కూ గుణిజం కదా! కాబట్టి 2⁶⁰ను 7, 9, 11, 13లలో దేనితో భాగించినా శేషం 1. మనకు కావలసింది 2⁶⁴, అంటే 2⁶⁰ × 16. శేషాల విషయంలో 2⁶⁴ అచ్చంగా 16 లాగే ప్రవర్తిస్తుంది. అందులో ఒకటి తీస్తే 15. ఆ మహాశంఖాల సంఖ్య ఈ నాలుగు భాజకాల ముందు చిన్న 15 లాగే నిలబడాలి.

నిలబడుతుందా? 9 పరీక్షకు అంకెలన్నీ కూడాలి. 1 + 8 + 4 + 4 + 6 + ... అని కూడితే 87 వస్తుంది. 8 + 7 = 15, 1 + 5 = 6. పదిహేనును 9తో భాగించినా శేషం 6 గదా. సరిపోయింది.

7, 11, 13లను ఒక్కదెబ్బతో పరీక్షించవచ్చు. ఈ మూడింటి లబ్ధం 1001. వెయ్యి అంటే 1001కి ఒకటి తక్కువ. కనుక సంఖ్యను కుడివైపునుండి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒక ముక్కను కూడుతూ మరొకదానిని తీసివేస్తూ పోతే చాలు.

615 − 551 + 709 − 073 + 744 − 446 + 18 = 1016

1016లోనుండి 1001 తీసివేస్తే 15. కావలసిన పదిహేను కళ్ళముందే వచ్చింది! ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు కలిగే సంతోషం వర్ణించడం కష్టం. మీరే వేసి చూడండి.

ఈ పరీక్షలకు ఎంత బలముంది? ఒక్క అంకె మాత్రమే తప్పితే 11 పరీక్ష దానిని తప్పకుండా పట్టుకొంటుంది. ఎందుకంటే ఒక అంకె మారితే శేషంలో వచ్చే తేడా 1కీ 9కీ మధ్య ఉంటుంది, అది 11కు గుణిజం కాలేదు. 9 పరీక్షకు ఒక బలహీనత ఉంది. సున్నకు బదులు తొమ్మిది రాసినా, రెండు అంకెలు చోట్లు మార్చుకొన్నా దానికి తెలియదు, శేషం మారదు కాబట్టి. పక్కపక్క అంకెలు తారుమారైతే 11 పరీక్ష పట్టుకొంటుంది. అన్నీ కలిపి చూస్తే, కళ్ళు మూసుకొని రాసిన ఇరవై అంకెల సంఖ్య ఈ పరీక్షలన్నిటిలో నెగ్గే అవకాశం 9009లో ఒకటి మాత్రమే.

సంఖ్య లోపల ఏముంది?

ఇంకొక పరీక్ష ఉంది. అది సంఖ్యను విప్పి లోపలి భాగాలు చూపిస్తుంది. తొమ్మిదవ తరగతిలో నేర్చుకొన్న (క − ఖ)(క + ఖ) = క² − ఖ² అనే సూత్రం గుర్తుందా? 2⁶⁴ అంటే 2³² యొక్క వర్గం, 1 అంటే 1 యొక్క వర్గం. కాబట్టి

2⁶⁴ − 1 = (2³² − 1)(2³² + 1)

బల్లమీద దీని అర్థం చక్కగా కనబడుతుంది. 2³² − 1 అంటే మొదటి సగం బల్లలోని గింజలు. రెండవ సగంలో ప్రతి గడీ మొదటి సగంలోని తన జత గడికి 2³² రెట్లు. కనుక మొత్తం = సగం బల్ల × (1 + 2³²). ఇక 2³² − 1ను మళ్ళీ అలాగే విడగొట్టవచ్చు. దానిలోని 2¹⁶ − 1నూ విడగొట్టవచ్చు. చివరిదాకా పోతే ఇలా తేలుతుంది:

2⁶⁴ − 1 = 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఈ కారణాంకాలు ప్రతి ఒక్కటీ మునుపటిదానిలోని 2 ఘాతాన్ని వర్గం చేసి ఒకటి కలపగా వచ్చినవే. 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలు. ఫ్రాన్సులో ఫెర్మా 1640లో వీటిని చూసి, ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని నమ్మాడు. అంతటి మేధావి అన్న తరువాత ఎవరు కాదంటారు? తరువాతిది 4294967297. ఇది మన బల్లలోని చివరి కారణాంకం. దాదాపు తొంభై ఏళ్ళు దానిని ఎవరూ విడగొట్టలేదు. 1732లో ఆయిలర్ విడగొట్టాడు. అది 641తో నిశ్శేషంగా భాగింపబడుతుంది.

మీరు భాగహారం చేసి చూడవచ్చు. భాగహారం చేయకుండా కూడా చూపవచ్చు. 641ని రెండు విధాలుగా రాయండి: 641 = 5⁴ + 2⁴ (625 + 16), మరియు 641 = 5 × 2⁷ + 1 (640 + 1). ఇప్పుడు 2³² = 2⁴ × 2²⁸. మొదటిదానినిబట్టి 2⁴ = 641 − 5⁴. కాబట్టి 2³² = 641 × 2²⁸ − 5⁴ × 2²⁸. ఆ చివరి ముక్క (5 × 2⁷)⁴, అంటే 640⁴. రెండువైపులా ఒకటి కలిపితే

2³² + 1 = 641 × 2²⁸ − (640⁴ − 1)

640⁴ − 1లో 640² − 1 ఒక కారణాంకం. దానిలో 640 + 1, అంటే 641, ఒక కారణాంకం. కుడివైపు రెండు ముక్కలలోనూ 641 ఉన్నది కనుక ఎడమవైపూ ఉండాలి! రెండవ కారణాంకం 6700417. అదీ ప్రధాన సంఖ్యే.

అయితే మన సంఖ్య ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఒక్కొక్కదానిని తీసుకోవచ్చు, తీసుకోకపోవచ్చు. కనుక దీని భాజకాలు మొత్తం 2⁷ = 128. రెట్టింపులతో పుట్టిన సంఖ్యకు భాజకాల లెక్క కూడా రెట్టింపులలోనే తేలడం ముచ్చటగా లేదూ?

ఫెర్మా నమ్మిక వమ్మయినా ఆ సంఖ్యల గౌరవం తగ్గలేదు. 1796లో, పందొమ్మిదేళ్ళైనా నిండని గౌస్, కొలతగీతలు లేని కొలబద్దతో, వృత్తలేఖినితో 17 భుజాల క్రమ బహుభుజిని నిర్మించవచ్చని కనుగొన్నాడు. ఏ బహుభుజులకు ఇలా వీలవుతుందన్నది ఫెర్మా ప్రధాన సంఖ్యలే నిర్ణయిస్తాయి. ఈనాటికీ మనకు తెలిసినవి ఆ అయిదే. అయిదింటినీ గుణిస్తే 4294967295, అంటే సగం బల్లలోని గింజల సంఖ్య! అలా నిర్మించగలమని తెలిసిన బహుభుజులలో, బేసి సంఖ్య భుజాలు గలవాటిలో అన్నిటికంటె పెద్దది దీనికే చెందుతుంది. పదకొండు లారీల వడ్లకూ, గౌస్ వృత్తలేఖినికీ చుట్టరికం ఉన్నదన్నమాట.

1883లో ఎడ్వార్డ్ లూకా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు ప్రచారంలోకి తెచ్చిన బిళ్ళల ఆటలో కూడా ఈ సంఖ్య ఉంది. మూడు కర్రలు, ఒకదానికంటె ఒకటి చిన్నవైన బిళ్ళలు. పెద్దది చిన్నదానిమీద పెట్టకుండా, సారికి ఒక్కటి చొప్పున ఒక కర్రనుండి మరొక కర్రకు అన్నీ మార్చాలి. ఒక బిళ్ళ పెరిగితే ఎత్తులు రెట్టింపై, ఇంకొకటి కలుస్తుంది. 64 బిళ్ళలకు కావలసిన ఎత్తులు మన ఇరవై అంకెల సంఖ్యే. మైలవరానికి చేరువలోనే ఉన్న కొండపల్లిలో బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర దొరికితే ఏడెనిమిది బిళ్ళలతో ఈ ఆట చేసుకొని చూడండి. ఎనిమిది బిళ్ళలకు 255 ఎత్తులు, మొదటి వరుసలోని గింజలన్ని. సెకనుకు ఒక ఎత్తు వేసినా 64 బిళ్ళలకు 58 వేల కోట్ల సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలే!

గడిలో గింజలున్నాయా, లేవా?

చివరిగా ఒక సంగతి. బల్లమీద ప్రతి గడిని పూర్తిగా తీసుకోవడమో, పూర్తిగా వదలడమో చేస్తే ఎన్ని గింజలనైనా పోగు చేయవచ్చు. 1729 గింజలు కావాలా? 1024 + 512 + 128 + 64 + 1. వేరే విధంగా కుదరదు, ప్రతి సంఖ్యకూ ఒకే ఒక్క దారి. 'ఉంది' అంటే 1, 'లేదు' అంటే 0 అని రాసుకొంటే, సున్న మొదలు మన ఇరవై అంకెల సంఖ్య దాకా అన్నీ 64 గుర్తులతో రాయవచ్చు. కంప్యూటరు సరిగ్గా ఇదే చేస్తుంది. నేటి కంప్యూటర్లు చాలావరకు సంఖ్యకు 64 గళ్ళు కేటాయిస్తాయి. రుణ సంఖ్యలు అక్కరలేనప్పుడు ఆ గళ్ళలో పట్టే అతి పెద్ద సంఖ్య మల్లన పద్యంలోనిదే.

గళ్ళు చాలకపోతే ఏమవుతుంది? చాలా కంప్యూటర్లలో కాలాన్ని 1970 జనవరి 1 నుండి సెకన్లలో లెక్కిస్తారు. పాతవాటిలో దానికి 32 గళ్ళే ఇచ్చారు. ఒక గడి ధన, రుణ గుర్తుకు పోగా మిగిలినవి 31. ఆ 31 గళ్ళూ 2038 జనవరి 19న, మన గడియారం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతాయి. మరుసటి సెకనుకు చోటు లేదు. అప్పటికీ మార్చని యంత్రాలు ఉంటే అవి 1901వ సంవత్సరానికి వెనుదిరుగుతాయి. అందుకే ఇంజనీర్లు గళ్ళను 64కు పెంచుతూ వస్తున్నారు. అప్పుడు గుర్తుకు ఒకటి పోయినా 63 గళ్ళు మిగులుతాయి. అవి నిండటానికి 29 వేల కోట్ల సంవత్సరాలు పడుతుంది.

ఇప్పుడు మీకొక పని. రెండు తాటాకు ప్రతులు దొరికాయనుకోండి. రెంటిలోనూ ఒక్కొక్క పొరపాటు ఉంది. వాటిని అంకెలలోకి మార్చితే ఇలా వచ్చాయి:

మొదటి ప్రతి: 18446744073509551615

రెండవ ప్రతి: 18446744073609551715

మొదటిదానిలో 'నగ' ఉండవలసినచోట 'శర' పడింది. ఏ పరీక్షలు దానిని పట్టుకొంటాయో చూడండి. రెండవది గడుసుది. అందులో ఆరు స్థానాల ఎడంలో ఉన్న రెండు అంకెలు చోట్లు మార్చుకొన్నాయి. అది 9 పరీక్షలోనూ, 1001 పరీక్షలోనూ నెగ్గుతుంది. 999999ను 7, 9, 11, 13లు నాలుగూ నిశ్శేషంగా భాగించడమే దానికి కారణం. ఎందుకో ఆలోచించండి. కాని అసలు సంఖ్యకు 17 కారణాంకం గదా! 17తో భాగించి శేషం ఎంత వస్తుందో చూడండి. అసలు సంఖ్యకైతే భాగఫలం 1085102592571150095, శేషం సున్న.